మన నెత్తిమీది గాలిసముద్రము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఈ రజతోత్సవ సభలో ఏదైన ఒక విజ్ఞాన విషయమును గురించి మాట్లాడుమని కార్యదర్శిగారు కోరినారు. ఖర్చులేనిదియు, అందరికి సొంతమైనదియు, ఒక్క నిమిషముకూడ విడిచి బ్రతుకలేనిదియునైన వస్తువును గురించి చెప్పదలచితిని. అది గాలి. మన భాషలో గాలికి గౌరవము తక్కువ. పనికిమాలిన మాటలను గాలిమాటలందుము. కట్టలేని మేడలను గాలిమేడలందుము. బాధ్యత లేనివానిని గాలికి తిరుగువాడందుము. భూమికి పట్టా కలదు, నీటికి వంతు కలదు. గాలికి మాత్రము లెక్కలేదు. లెక్కలేని వస్తువును పాడుచేసినవానికి శిక్షయు లేదని మనము తలచుచున్నాము. ఈ తలంపు ఎంతవరకు సరియైనదో ఈ సాయంకాలము విచారింతము.

నేను హైదరాబాదు పాతబస్తీనుండి వచ్చినవాడను. గాలి గురించిన విజ్ఞానమునకు ఆ నగరముతో చాలకాలపు సంబంధమున్నది. పందొమ్మిదవ శతాబ్ది మధ్యకాలమునకు ముందే పైగా వంశమునకు చెందిన నవాబు షంసుల్ ఉమరా ఫక్రుద్దీన్ ఖాన్ పాశ్చాత్య శాస్త్రగ్రంథములను ఉర్దూలోనికి అనువదింపజేసి, స్వంత ముద్రణాలయములో అచ్చువేయించెను. ‘సిత్తయె షంసియా’ అను పేర వెలువడిన ఆరు చిన్న శాస్త్రగ్రంథములలో ఒకటి గాలిని గురించినది. తరువాత 1901లో నవాబు జఫర్ జంగ్ బహద్దూరు ఇంగ్లండునుండి 15 అంగుళముల దూరదర్శినిని తెప్పించి, పాతబస్తీలోని ఫిసల్‌బండ వద్ద తన జాగాలో వేధశాలను నెలకొల్పెను. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ అనుమతితో దానికి నిజామియా వేధశాల అని పేరుపెట్టెను. జఫర్ జంగ్ మరణానంతరము 1908లో అది ప్రభుత్వమునకు చెంది బేగంపేటకు తరలిపోయెను. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు సంక్రమించెను.

అదే 1901వ సంవత్సరములో మూసీకి ఆవలిఒడ్డున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. అయిదేండ్ల తరువాత, 1906లో, తెలుగులో చరిత్రను, శాస్త్రములను వెలువరించుటకై విజ్ఞాన చంద్రికా మండలి హైదరాబాదులోనే పుట్టినది. ఒకే ఏట ఒక ఒడ్డున నక్షత్రములను చూచుటకు కన్ను తెరవబడినది, మరియొక ఒడ్డున తెలుగు చదువుటకు తలుపు తెరవబడినది. మీ గ్రంథాలయమును ఆ రెండవ తలుపునకు వారసురాలుగా నేను భావించుచున్నాను.

నక్షత్రములను చూచువారికి గాలితో పనియేమి? చాల పనియున్నది. నక్షత్రము తళుకుతళుకుమనుట నక్షత్రము గుణము కాదు. దాని వెలుగు మనలను చేరుటకు ముందు వేడిగాలి పొరలను, చల్లగాలి పొరలను దాటి రావలెను. ఆ పొరలు కదలినప్పుడు వెలుగు వంగుచుండును, అదియే తళుకు. సూర్యుడు అస్తమించునప్పుడు ఎఱ్ఱబడుటకు గాలియే కారణము. గాలిలోని అణువులు నీలివెలుగును ఎక్కువగా చెదరగొట్టును. చెదరిన నీలిమ పగటి ఆకాశమై కనబడును. సాయంకాలము కిరణములు చాల దూరము గాలిలో పయనింపవలసియుండుటచే నీలిమ దారిలోనే రాలిపోయి ఎఱుపు మిగులును. చంద్రునిమీద గాలిలేదు, అక్కడ పట్టపగలుకూడ ఆకాశము నల్లగానే యుండును.

ఇక గాలిలో ఏమేమున్నవో చూతము. తేమను తీసివేసిన గాలి నూరుపాళ్లలో నత్రజని 78 పాళ్లు, ప్రాణవాయువు సుమారు 21 పాళ్లు, ఆర్గాన్ ఒక పాలుకు కొంచెము తక్కువ. ఈ మూడింటితోనే నూరు దాదాపు నిండిపోయినది. మిగిలిన చిల్లరలో బొగ్గుపులుసు వాయువు 0.04 పాలు, నియాన్, హీలియం, మీథేన్ వంటివి అంతకన్న స్వల్పము. వీటికితోడు నీటి ఆవిరి కలదు. అది స్థలమునుబట్టి, ఋతువునుబట్టి మారుచు ఒకచోట దాదాపు శూన్యముగాను, మరియొకచోట నాలుగు పాళ్లవరకును ఉండును.

నత్రజని మన ఊపిరిలోనికి వచ్చి, ఏమియు చేయక వెళ్లిపోవును. కాని అది లేనిదే మాంసకృత్తులు లేవు, పంట లేదు. గాలిలో ఇంత నత్రజని యున్నను వరి దానిని నేరుగా తీసికొనలేదు. కంది, పెసర, వేరుసెనగ వేళ్లలోని బుడిపెలయందు నివసించు సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని మొక్కకు పనికివచ్చు రూపములోనికి మార్చును. కంది వేసిన చేను మరుసటి పంటకు బలమిచ్చునని మన పెద్దలు అనుభవముచే ఎఱిగియుండిరి. దాని కారణము ఈ వేరు బుడిపెలలోనున్నది. మెఱుపుకూడ కొంత నత్రజనిని వానతో నేలకు దించును. యూరియా బస్తాలోని నత్రజనియు కర్మాగారములో గాలినుండి పట్టినదే.

ప్రాణవాయువు సంగతి చెప్పనక్కరలేదు. అయితే దానిని గాలిలో నింపినవారెవరు? పచ్చని మొక్కలు, సముద్రములోని కంటికానని నాచుజీవులు. పుట్టినప్పుడు భూమిమీది గాలిలో స్వేచ్ఛగానున్న ప్రాణవాయువు దాదాపు లేదు. కోట్లకొలది సంవత్సరములు సూక్ష్మజీవులు ఎండతో వంటచేసికొని విడిచిన ఊపిరియే నేటి మన ఊపిరి. ఇది 21 పాళ్లకు బాగుగ తగ్గినచో దీపము వెలుగదు, మనిషి నిలువడు. బాగుగ పెరిగినచో నిప్పురవ్వ పడిన అడవి ఆరదు.

ఆర్గాన్‌ను 1894లో రేలీ ప్రభువు, రామ్సే కనుగొనిరి. దేనితోను కలియని స్వభావము కలది గనుక గ్రీకుభాషలో సోమరి అను అర్థము వచ్చునట్లు దానికి పేరుపెట్టిరి. హీలియం చరిత్రకు మన తెలుగునేలతో సంబంధమున్నది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణము పట్టినప్పుడు జాన్సెన్ అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు గుంటూరునుండి సూర్యుని అంచుననున్న జ్వాలల వెలుగును విడదీసి చూచెను. ఆనాటి పరిశీలనలలో కనబడిన పసుపుగీత భూమిమీద ఎఱిగిన ఏ మూలకమునకు చెందినది కాదని తరువాత ఇంగ్లండులో లాకియర్ తేల్చెను. సూర్యుని పేరనే దానికి హీలియం అని పేరువచ్చెను. 1895లో రామ్సే దానిని భూమిమీది ఖనిజములో కనుగొనెను. అది మన గాలిలో పదిలక్షల పాళ్లకు అయిదు పాళ్లు మాత్రమే యున్నది.

గాలికి బరువున్నదా? ఈ పఠనమందిరము వంటి గది, 6 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు గలదనుకొందము. దానిలోని గాలి బరువు సుమారు ఒక క్వింటాలు. మీరు చాచిన అరచేతిమీద నిలిచియున్న గాలిస్తంభపు బరువును లెక్కించిన అదియు క్వింటాలుకు దగ్గరగానే వచ్చును. అయినను చేయి కుంగదు. ఏలయన గాలి పైనుండి నొక్కినంత బలముతోనే క్రిందినుండియు, ప్రక్కలనుండియు నొక్కుచున్నది.

ఈ ఒత్తిడిని 1643లో ఇటలీలో టారిచెల్లి పాదరసముతో కొలిచెను. సముద్రమట్టమున గాలి 760 మిల్లీమీటర్ల పాదరసమును నిలుపును. నీటినైనచో సుమారు 10 మీటర్ల ఎత్తు నిలుపును. బావులమీద మోటారు పెట్టిన రైతులు ఈ లెక్కను పుస్తకము లేకయే ఎఱుగుదురు. గట్టుమీదనున్న పంపు ఏడెనిమిది మీటర్లకు మించి నీటిని పీల్చలేదు. అందుచేతనే నీరు దిగిపోయినకొలది మోటారును బావిలోని దిమ్మెలమీదికి దించుచుండిరి. పంపు నీటిని పీల్చుచున్నదని మనమందుము. నిజమునకు పంపు గొట్టములోని గాలిని తొలగించుటయే చేయును. బావినీటిమీద కూర్చున్న ఆకాశము నీటిని పైకి నెట్టును. ఆకాశము బలము పదిమీటర్లు. అంతకు మించి ఏ కంపెనీ మోటారు పెట్టినను పైనుండి పీల్చుట సాధ్యముకాదు.

ఎత్తుకు పోయినకొలది నెత్తిమీది గాలి తగ్గును, ఒత్తిడియు తగ్గును. హైదరాబాదు సముద్రమునకు సుమారు 540 మీటర్ల ఎత్తున నున్నది. అక్కడ పాదరసము 760కి బదులు 713 మిల్లీమీటర్ల ప్రాంతముననే నిలుచును. 1591లో కట్టిన చార్మినార్ మీనారుల ఎత్తు సుమారు 56 మీటర్లు. భారమితిని చేతబట్టి క్రిందినుండి పైకొనవరకు పోగలిగినచో పాదరసము మరి నాలుగున్నర మిల్లీమీటర్లు దిగును. ఒత్తిడి తగ్గినచోట నీరు తక్కువ వేడికే మరుగును. సముద్రతీరమున 100 డిగ్రీలకు కాగు నీరు పాతబస్తీ ఇరానీ హోటలులో 98 డిగ్రీలకే కాగును. ఎవరెస్టు శిఖరముమీదనైనచో 70 డిగ్రీల ప్రాంతముననే మరుగును. అక్కడ మూతలేని గిన్నెలో పప్పు ఉడుకదు.

గాలి మొత్తములో సగము మన నెత్తికి అయిదున్నర కిలోమీటర్ల లోపలనే యున్నది. నూటికి 99 పాళ్లు 30 కిలోమీటర్ల లోపలనే ముగిసిపోవుచున్నది. భూగోళము అడ్డుకొలత 12,742 కిలోమీటర్లు. భూమిని 42 సెంటీమీటర్ల గుమ్మడికాయగా ఊహించినచో, మనము నమ్ముకొనియున్న గాలి దానిమీద ఒక మిల్లీమీటరు మందము మాత్రమే. ఆకాశము అనంతమని కవులు చెప్పవచ్చును. ఊపిరికి పనికివచ్చు ఆకాశము మాత్రము చేను దాటి ప్రక్క ఊరికి పోవునంత దూరమే.

ఈ గాలి ఒకే ముద్దగా లేదు, అంతస్తులుగా నున్నది. క్రింది అంతస్తు ట్రోపో ఆవరణము. ధ్రువముల వద్ద ఇది 8 కిలోమీటర్ల ప్రాంతమున ముగియును. మన ఉష్ణదేశములలో 16, 17 కిలోమీటర్లవరకు లేచియుండును. మబ్బులు, వానలు, గాలివానలు సర్వము ఇందులోనే. సూర్యుడు గాలిని నేరుగా కాచుటకన్న నేలను ఎక్కువగా కాచును. నేల గాలిని కాచును. అందుచే కిలోమీటరు పైకి పోయినకొలది సుమారు ఆరున్నర డిగ్రీల వేడి తగ్గుచుండును. సంక్రాంతినాడు పాతబస్తీ మిద్దెలమీద పతంగులెగురవేయు పిల్లలకు ఈ అంతస్తు స్వభావము కొంత తెలియును. మిద్దెమీద ఆకు కదలకున్నను, దారము వదలి పతంగిని పైకి చేర్చినచో అక్కడ గాలి దొరకును. నేల, ఇండ్లు, చెట్లు రాపిడితో క్రిందిగాలిని ఆపుచున్నవి. పైగాలికి ఆ అడ్డులేదు.

ఈ అంతస్తు పైకప్పు మన దేశముమీద భయంకరమైన చలిగలది. ధ్రువములమీదనే పైగాలి మిక్కిలి చల్లగానుండునని సామాన్యముగా తోచును. కాని భూమధ్యరేఖ ప్రాంతమున 17 కిలోమీటర్ల ఎత్తున అంతకన్న చల్లనిగాలి యున్నదని 1929లో కె. ఆర్. రామనాథన్ అను భారతీయ శాస్త్రజ్ఞుడు చూపెను. హైదరాబాదులో మేనెలలో నేలమీద 40 డిగ్రీల ఎండ కాయుచుండగా, నెత్తికి సరిగా 17 కిలోమీటర్ల పైన సున్నకు 80 డిగ్రీల దిగువ చలి నిలిచియుండును. బొంబాయికి పోవు దూరములో నలభయ్యవవంతైన లేని దూరములోనే ఇంత చలి!

ఆ ఎత్తుననే మరియొక వింత కలదు. జూన్ నుండి సెప్టెంబరు వరకు మనకు నేలమీద నైరృతి గాలి వీచుచుండగా, 14 నుండి 16 కిలోమీటర్ల ఎత్తున తూర్పునుండి పడమటకు గంటకు వంద కిలోమీటర్లకు మించిన వేగముతో గాలినది యొకటి పారుచుండును. దక్షిణభారతము మీదుగా పారు ఈ తూర్పు జెట్ ప్రవాహమును 1958లో ప్రకటించినవారు పంచేటి కోటేశ్వరంగారు. మన తెలుగువారైన ఆయన తరువాత భారత వాతావరణశాఖకు అధిపతియైరి. వానాకాలపు రాకపోకలను అర్థము చేసికొనుటకు ఆ పరిశోధన లోకమంతటికి ఉపయోగించినది.

రెండవ అంతస్తు స్ట్రాటో ఆవరణము, సుమారు 50 కిలోమీటర్లవరకు. ఇక్కడ పైకి పోయినకొలది వేడి పెరుగును. కారణము ఓజోన్. మూడు పరమాణువులుగల ఈ ప్రాణవాయు రూపము సూర్యునిలోని అతినీలలోహిత కిరణములను మ్రింగి వేడెక్కును. మన నెత్తిమీది ఓజోన్ నంతను తెచ్చి నేలమీద పరచినచో మూడు మిల్లీమీటర్ల మందమైనను ఉండదు. ఆ పలుచని పొర లేకున్న కన్నులు చెడును, చర్మము కాలును, పైరు నిలువదు.

ఈ రెండవ అంతస్తును చేరుటకు హైదరాబాదు ఒక మెట్టు. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు విశ్వకిరణముల పరిశోధనకై ఉస్మానియా విశ్వవిద్యాలయ ఆవరణనుండి పెద్ద ప్లాస్టిక్ బెలూనులను ఎగురవేయుచుండిరి. 1969లో నగరమున స్థిరమైన బెలూను కేంద్రము ఏర్పడినది. హైదరాబాదు భూమి అయస్కాంత మధ్యరేఖకు దగ్గర. అక్కడ అయస్కాంత క్షేత్రము బలహీనమైన విశ్వకిరణములను త్రోసివేసి, మిక్కిలి బలముగలవానినే రానిచ్చును. ఎంపికచేసిన కిరణములు దొరకుటచే పరిశోధనకు ఆ చోటు అనుకూలము. కాని నేను చెప్పిన ఎనుబది డిగ్రీల చలిలో ప్లాస్టిక్ గాజువలె పెళుసై పగిలిపోవుచుండెను. ఆ చలికి తాళగల పలుచని పొరను తయారుచేయుట ఈ పనిలో పెద్ద చిక్కుగా నుండి, తరువాత సాధింపబడినది.

2005 ఏప్రిల్ 20న హైదరాబాదునుండి ఎగిరిన అట్టి బెలూను 20 నుండి 41 కిలోమీటర్ల మధ్యనున్న గాలిని మూసిన పాత్రలలో పట్టి తెచ్చినది. హైదరాబాదులోను, పూనాలోను పరీక్షింపగా అంతవరకు ఎవరును ఎఱుగని మూడు సూక్ష్మజీవి జాతులు బయటపడినవి. 2009లో ఆ వార్త ప్రకటింపబడినది. వానిలో ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి.

ఈ బెలూనుల సంగతి పల్లెలకు ముఖ్యముగా తెలియవలెను. పని ముగిసిన పిమ్మట పరికరములు పారాచూటుతో తెలంగాణములోనో, ఇరుగుపొరుగు రాష్ట్రములలోనో పొలములలో దిగును. 2022 డిసెంబరులో వికారాబాదు జిల్లాలోని ఒక పల్లెలో గుండ్రని పెద్ద పేటిక దిగగా జనము గుంపులుగా వచ్చి వింతగా చూచిరి. అట్టివి కనబడినప్పుడు భయపడవలదు, విప్పవలదు. వానిమీద వ్రాసియున్న చిరునామాకు గాని, సమీపములోని పోలీసుఠాణాకు గాని తెలుపవలెను. అందులోని చిన్న యంత్రము కొందరి ఏండ్లతరబడి శ్రమ.

దాని పైది మెసో ఆవరణము, 85 కిలోమీటర్ల ప్రాంతమువరకు. రాత్రి రాలు చుక్కలని మనమనునవి చాలవరకు ఇక్కడ రాపిడికి మండి బూడిదయగు చిన్న రాళ్లు. ఆపైన థర్మో ఆవరణము. అక్కడ గాలి మిక్కిలి పలుచన. సూర్యకిరణముల దెబ్బకు అణువులు విద్యుత్తును పొందును. ఈ విద్యుత్తుగల పొరలనే ఐనో ఆవరణము అందురు. పగటివేళ దొరకని దూరపు రేడియో స్టేషను రాత్రివేళ వినబడుట పాత రేడియోలు విన్నవారికి తెలియును. పగలు క్రిందిపొర తరంగములను మ్రింగును. రాత్రి ఆ పొర కరగిపోగా పైపొర అద్దమువలె వానిని నేలకు త్రిప్పిపంపును. విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్య బి. రామచంద్రరావుగారు ఈ పొరలమీద పరిశోధనలు నడపిరి. తిరుపతి సమీపముననున్న గాదంకిలో 1024 యాంటెన్నాలు గల పెద్ద రాడారు పైగాలుల కదలికను కొలుచుచున్నది.

ఇంతవరకు గాలి కూర్పును, కట్టడమును చెప్పితిని. ఇక మన బ్రతుకుతో దాని సంబంధము. గాలి మనకు దుప్పటి. నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు నేలనుండి పోవు వేడిని కొంత పట్టియుంచును. ఈ దుప్పటి లేకున్న భూమి సగటు వేడి సున్నకు 18 డిగ్రీల దిగువనుండెడిది. ఉన్నందుననే 15 డిగ్రీల ప్రాంతముననున్నది. కాని దుప్పటి మందమైనను కష్టమే. కర్మాగారములు పెరుగకముందు పదిలక్షల పాళ్ల గాలిలో 280 పాళ్లుగానున్న బొగ్గుపులుసు వాయువు నేడు 420 దాటినది. బొగ్గు, పెట్రోలు, డీజిలు మండించుటయు, అడవులు కొట్టుటయు కారణములు. నూటికి నాలుగువందవవంతుగా నున్న వాయువు ఏమిచేయునని తేలికగా చూడరాదు. పాలకుండలో వేసిన చిటికెడు తోడు ఎంత? కుండెడు పాలను మార్చుటకు అది చాలును.

వేడెక్కిన గాలి ఎక్కువ తేమను మోయును. డిగ్రీకి నూటికి ఏడుపాళ్ల చొప్పున. ఆ తేమ ఒక్కసారి క్రుమ్మరించిన ఏమగునో మూసీతీరవాసులు ఎఱుగుదురు. 1908 సెప్టెంబరు 28న వరద నగరమును ముంచి వేలమందిని పొట్టనబెట్టుకొనినది. అఫ్జల్‌గంజ్ ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది బ్రతికిరి. ఆ తరువాతనే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టబడినవి. 2020 అక్టోబరు 13, 14 తేదీలలో ఒక్కరోజులో బేగంపేటలో సుమారు 190 మిల్లీమీటర్ల వాన పడి, పాతబస్తీ వాడలు మరల మునిగినవి. 1908 వరద వేడి పెరుగుటకు ముందటిది. కనుక ప్రతి వరదకు అదే కారణమనరాదు. కాని గాలి వేడెక్కినకొలది ఇట్టి కుంభవృష్టికి అవకాశము పెరుగునని మాత్రము శాస్త్రము స్పష్టముగా చెప్పుచున్నది.

రెండవ కష్టము పొగ. మనిషి రోజుకు సుమారు పదివేల లీటర్ల గాలిని పీల్చును. అనగా పన్నెండు కిలోల బరువు. తిను అన్నముకన్న, త్రాగు నీటికన్న అది ఎక్కువ. అన్నములో రాయి వచ్చిన తీసివేయుదుము. గాలిలోని రాయి కంటికి కానరాదు. తలవెంట్రుక మందములో ముప్పయ్యవవంతు మాత్రమేయైన ధూళికణములు ముక్కులో ఆగక ఊపిరితిత్తుల అడుగునకు పోయి నెత్తురులో కలియును. చలికాలపు తెల్లవారుజామున నేల చల్లబడి, దానినంటిన గాలియు చల్లబడి, పైన వెచ్చనిగాలి మూతవలె నిలుచును. ఆనాడు పాతబస్తీ సందులలోని బండ్ల పొగ, చెత్తకుప్పల పొగ పైకి పోలేక అక్కడనే కూర్చుండును. పల్లెలో పొగలేదని సంతసింపవలదు. పత్తికట్టెను, వరికొయ్యను తగులబెట్టిననాడు మీ ఊరిమీదను అదే మూత నిలుచును. కిటికీలేని వంటింట కట్టెలపొయ్యి ముందు కూర్చుండు తల్లి పీల్చు పొగ నగరపు నడిచౌరస్తాలోని పొగకు తీసిపోదు.

దూద్‌బౌలిలో మొదలై ప్రతియేట మృగశిర కార్తెనాడు జరుగు చేపమందు పంపిణీని మీలో పలువురు ఎఱుగుదురు. దాని గుణమును వైద్యశాస్త్రము నిరూపించలేదు. దానిని గురించి వాదింపను. కాని ఉబ్బసముతో వచ్చి, రాత్రంతయు వరుసలో నిలిచియుండు ఆ వేలమందిని చూచినవాడెవడును గాలిని తక్కువచేసి మాట్లాడలేడు. ఊపిరి ఆడనివానికి గాలిమాట అను పదమే అర్థముకాదు.

నిరాశపడవలసిన పనిలేదు. 1985లో దక్షిణధ్రువము మీద ఓజోన్ పొర పలుచబడినదని తెలిసినది. శీతలయంత్రములలో వాడు కొన్ని వాయువులు దానికి కారణమని తేలినది. 1987లో మాంట్రియల్ నగరములో దేశములు ఒప్పందము చేసికొనెను. 1992లో భారతదేశము అందులో చేరినది. ఆ వాయువుల వాడుక దాదాపు నిలిచిపోయినది. పొర మెల్లగా కోలుకొనుచున్నది. కంటికి కనబడని వస్తువునకు కలిగిన గాయమును లోకమంతయు కలిసి మాన్పుకొనుట సాధ్యమని దీనివలన తెలిసినది.

చివరగా ఈ గ్రంథాలయమునకు ఒక విన్నపము. వరండాలో ఒక వర్షమాపకము, నీడలో ఒక ఉష్ణమాపకము, గోడకు ఒక భారమితి అమర్చుడు. ఖర్చు రెండు బీరువాల పుస్తకములకు మించదు. ప్రతిదినము ఉదయము ఎనిమిదిన్నరకు ఒక విద్యార్థి వచ్చి మూడు అంకెలను చిట్టాలో వ్రాయవలెను, చేవ్రాలు చేయవలెను. ఈనెల ఒకరు, వచ్చేనెల మరియొకరు. ఆకాశమెట్లున్నది, పొగమంచు పడినదా, పొలములు తగులబెట్టిరా అనునది ఒక పంక్తిలో చేర్చవలెను. భారమితి హఠాత్తుగా దిగిన రోజున కళ్లములో ధాన్యమున్న రైతుకు ముందుగా చెప్పవచ్చును. సంవత్సరము గడచినచో అది వివరము; పదియేండ్లు గడచినచో చరిత్ర; ఇరువదియైదేండ్లు గడచినచో ఏ నగరములోను దొరకని ఈ ఊరి గ్రంథమగును. ఈ గ్రంథాలయము ఇరువదియైదేండ్లు ఇతరులు వ్రాసిన పుస్తకములను భద్రపరచినది. రాబోవు ఇరువదియైదేండ్లలో ఊరువారు స్వయముగా వ్రాసిన ఒక పుస్తకమును అందులో చేర్చవలెను.

పట్టాలేని ఆస్తికి కాపలాదారులు లేరు. గాలికి కాపలా కాయవలసినవారు దానిని పీల్చువారే. స్వర్ణోత్సవమునాడు ఈ వేదికమీదికి వచ్చు వక్త ఆ చిట్టాను చేతబట్టుకొని మాట్లాడవలెనని, అప్పటికి ఈ ఊరి గాలి నేటికన్న నిర్మలముగా నుండవలెనని కోరుచున్నాను.